తప్పు ఉప్పుదే

ఉప్పే, ఉప్పు కాకపోతే ఇంకేముంది, అదే ఒంట్లో చేరి నెత్తురు కాచి పొంగించి భుజం దాకా, మోచేతి దాకా, పిడికిలి దాకా తోసుకొచ్చేది, అనుకుంటూ మేస్త్రి సుత్తి ఎత్తి కారు తలుపు మీద వేశాడు, వెనక ఇనప దిమ్మ ఆనించి ముందు నుంచి కొడితే సొట్ట లేస్తుంది, మరీ గట్టిగా కొడితే రేకు సాగిపోయి ఇక ఎన్నటికీ దాని రూపానికి రాదు, ఆ సంగతి షెడ్డులో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు, లోకంలో గుద్దుకున్న కార్లన్నీ తన దగ్గరికే వస్తాయి, మూతి పగిలినవి, పక్కటెముకలు లోపలికి పోయినవి, కళ్ళు రాలిపోయినవి, అన్నిటికీ తనే వైద్యుడు, షెడ్డులో అందరూ సుత్తి మేస్త్రి అంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు ఈయన వాగి చంపుతాడేమో అందుకే ఆ పేరు అనుకుని దూరంగా కూర్చుంటారు, నిజానికి మాటలు తక్కువ, మాటలు చేయాల్సిన పని కూడా సుత్తే చేసేస్తుంది, ఠంగ్, ఇవాళ సాయంత్రం పెళ్ళాం వస్తోంది, పిల్లని తీసుకుని, ఠంగ్, ఉప్పు మానేసిన మొగుడి దగ్గరికి, ఠంగ్, ఆ మాట తలుచుకుంటే తనకే నవ్వొచ్చింది, అమ్మ బతికుంటే ఏమనేది, ఉప్పూ కారం తినే మనిషికి ఆమాత్రం రోషం ఉండదటే అని కోడలినే కసిరేది, నాన్న గిన్నె విసిరికొట్టిన రోజున నుదుటికి తడిగుడ్డ అదిమి పట్టుకుని కూడా అమ్మ అదే మాట అంది, రోషమున్న మనిషిరా మీ నాన్న అని, అంటే ఇది ముందు నుంచీ అందరికీ తెలిసిందే, సామెతల్లోనే ఉంది, ఉప్పు తింటే రోషం, రోషం వస్తే చెయ్యి, డాక్టర్లు ఇప్పుడు మిషను పెట్టి కనుక్కున్నారు, అంతే తేడా.

ఆ ఆదివారం మాత్రం ఏం జరిగింది, మధ్యాహ్నం బావమరిది కొట్టు నుంచి పార్శిలు వచ్చింది, వాడిది రోడ్డు మలుపులో చిన్న కొట్టు, కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండదు, కిటికీలోంచి చెబితే కిటికీలోంచే పొట్లం అందిస్తాడు, నూనెలో ఈదుతున్న నూడుల్సు, ఎర్రగా వేగిన కోడిముక్కలు, అక్క ఇంటికి కదా అని ఇంకో రెండు గరిటెలు ఎక్కువే దిమ్మరిస్తాడు, ఇంటిల్లిపాదికీ అని వాడు పంపిన దాన్ని మేస్త్రి ఒక్కడే లాగించి పడుకున్నాడు, సాయంత్రానికి పెళ్ళాం డబ్బాలు తీసింది, ఆమెది సూపర్ మార్కెట్లో చల్లటి బీరువాలు సర్దే పని, మర్నాటికి గడువు తీరిపోయే డబ్బా భోజనాలు పనివాళ్ళకే ఇచ్చేస్తారు, పైన పొరకి చిల్లులు పొడిచి మైక్రోవేవ్‌లో పెట్టి తీస్తే అంచులు సలసల కాగుతాయి, నడుమ మాత్రం మంచుగడ్డే, చెంచా నోట్లో పెట్టుకోగానే పళ్ళు జివ్వుమన్నాయి, ఏమిటే ఇది అన్నాడు, ఇంకో నిమిషం పెట్టాల్సింది అంది, అని ఆవలించింది, అంతే, ఒక్క ఆవలింత, పొద్దుటి నుంచీ నిలబడి బీరువాలు సర్దిన మనిషి నోరంతా తెరిచి ఆవలించింది, ఆ తర్వాత పళ్ళెం తన చేతిలో లేదు, ఎలా వెళ్ళిందో ఏమో, అంచు వెళ్ళి కనుబొమ మీద తగిలింది, చర్మం దానిమ్మకాయలా విచ్చుకుంది, నెత్తురు ముందు కంట్లోకి, తర్వాత చెంప మీదికి, తర్వాత కింద చెదిరిన బంగాళాదుంపల మీదికి, పిల్ల ఫ్రిజ్ తలుపు తెరిచి నీళ్ళ సీసా కోసం వంగింది వంగినట్టే ఉండిపోయింది, లోపలి దీపం దాని మొహం మీద తెల్లగా పడుతోంది, ఆ తెలుపు ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోదు, ఠంగ్, ఠంగ్, ఏయ్ మేస్త్రీ, తలుపు చాలయ్యా, అవతలికి చిల్లు పడేట్టుంది, అని పక్కనున్న రంగులతను అరిచాడు, మేస్త్రి చూస్తే సొట్ట ఎప్పుడో పోయింది, సొట్ట పోయిన చోట రేకు ఉబ్బి కణితి లేచింది.

ఆ రాత్రే బావమరిది వచ్చి మా అక్కని ఏం చేశావురా అని మీద పడ్డాడు, రా అన్నాడు, బావని పట్టుకుని రా, గోడకేసి అదిమి మూతి మీద ఒక్కటిస్తే వాడి ముందుపన్ను ఊడి నేల మీద గింజలా దొర్లింది, వాడు కొట్టిన దెబ్బకి తన ముక్కు చిట్లింది, వాళ్ళు వెళ్ళిపోయారు, పెళ్ళాం, పిల్ల, వాడు, వాడి పన్ను కూడా ఏరుకుని మరీ వెళ్ళాడు, కానీ ముక్కులోంచి నెత్తురు తెల్లారినా ఆగలేదు, బకెట్టు ఎర్రబడింది, అప్పుడు భయమేసి ఆస్పత్రికి వెళ్ళాడు, డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టి రబ్బరు బుర్ర నొక్కి ముల్లు చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది, నూటా డెబ్బై దాటింది, ఇంతసేపూ ఎలా నడుస్తున్నావయ్యా, ఏం తింటున్నావ్ అంది, చెప్పాడు, పార్శిలు, డబ్బా, పార్శిలు, డబ్బా, అదే మరి, ఉప్పు, నువ్వు తినేది అన్నం కాదు ఉప్పుగని అంది, బీపీ పెరిగితే ఏమవుతుందమ్మా అని అడిగాడు, ఏముంది, తలనొప్పి, కళ్ళు తిరగడం, కొందరికి చిరాకు, తర్వాత గుండె, మెదడు, కిడ్నీలు అని ఆమె చదువుకుంటూ పోయింది, అతనికి అన్నీ వినబడలేదు, ఒక్కటే వినబడింది, చిరాకు, మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ మాట దొరికింది, చిరాకు, అదీ సంగతి, తను కాదు, ఉప్పు, నూటా డెబ్బై, ఎంత హాయిగా ఉందో ఆ అంకె, ఎవరో బయటివాడు వచ్చి ఇంట్లో పగలగొట్టి పోయినట్టు, ఆ బయటివాణ్ణి డాక్టరమ్మ పట్టేసినట్టు.

పక్క గదిలో తిండి సలహాలు చెప్పే అమ్మాయి ఉంది, గోడ మీద బొమ్మలు పెట్టుకుని ఓపిగ్గా చెప్పింది, చూడండి, పార్శిలు భోజనం పొట్లం పెద్దది, ఇద్దరి తిండి ఒకరు తింటారు, నూనె ఎంతో ఉప్పు ఎంతో వండినవాడికే తెలియదు, రుచి కోసం గుప్పెటతో వేస్తాడు, ఒక్క పొట్లంలోనే రోజంతటికీ సరిపడా ఉప్పు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, సూపర్ మార్కెట్ డబ్బా కాస్త నయం, పొట్లంతో పోలిస్తే చిన్నది, కొవ్వు తక్కువ, ఎంతెంత ఉందో వెనకాల రాసి ఉంటుంది, కానీ నయం అంటే మంచిదని కాదు, దాన్లోనూ సగం రోజు ఉప్పు ఉంటుంది, కూరగాయలు పేరుకే, పీచు అసలే ఉండదు, మళ్ళీ ఆకలేసి ఇంకేదో తింటారు, అంది, మేస్త్రికి అర్థమైంది, పార్శిలు చీకట్లో వచ్చి కొట్టే దెబ్బ, డబ్బా ముందే చెప్పి కొట్టే దెబ్బ, మరయితే వీటిలో ఏది కొట్టించిందమ్మా అని అడిగాడు, ఏం కొట్టించిందండీ అంది ఆ అమ్మాయి, ఏం లేదు, ఏం లేదు అని లేచి వచ్చేశాడు, కానీ దారి పొడుగునా అదే ఆలోచన, పాత దెబ్బలన్నీ ఒక్కొక్కటే తీసి తూకం వేసుకున్నాడు, మెట్ల మీంచి తోసింది పార్శిలు తిన్న రోజే, అవును, ఆ రోజు కోడివేపుడు, చెవి మీద కొట్టి వినబడకుండా చేసింది డబ్బా తిన్న రోజు, పార్శిలు దెబ్బలు మొరటువి, డబ్బా దెబ్బలు పొట్టివి, సరిగ్గా సరిపోతోంది, ఎంత సరిగ్గా సరిపోతోందో, జ్వరంతో పడుకుని పచ్చి గంగ ముట్టని రోజున స్నానాలగది తలుపు తన్ని విరగ్గొట్టి లోపలున్న ఆమెని జుట్టు పట్టి లాక్కొచ్చింది ఒక్కటే ఎటూ సరిపోలేదు, అది వదిలెయ్, అది జ్వరం, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ శుభవార్త చెప్పడానికే కొట్టుకి వెళ్ళాడు, వెనకవైపు తలుపు దగ్గర పెళ్ళాం ఉల్లిపాయలు తరుగుతోంది, కనుబొమ మీద నల్లటి కుట్లు గొంగళిపురుగులా ఉన్నాయి, పొయ్యి దగ్గర బావమరిది, మంట వాడి మోచేతుల దాకా లేస్తోంది, అది నేను కాదే, ఉప్పు, డాక్టరమ్మే చెప్పింది, కాగితం మీద రాసింది, చూడు, అన్నాడు మేస్త్రి, నీ తమ్ముడి పొట్లాలు, నువ్వు తెచ్చే డబ్బాలు, మీ అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నాకు పెట్టిన మందు అది, అన్నాడు, బావమరిది పన్ను లేని సందులోంచి ఈల వేసినట్టు నవ్వాడు, ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటోడే, బావా, నా కొట్టు తిండి రోజూ ఎంతమంది తింటున్నారు, అందరూ ఇళ్ళకెళ్ళి పెళ్ళాల్ని చావబాదుతున్నారా, అట్లయితే నేను తిండి కొట్టు మానేసి బాంబులే అమ్ముకునేవాణ్ణి కదా అన్నాడు, మేస్త్రి కళ్ళ వెనక మళ్ళీ ఏదో ఎర్రగా కదిలింది, అడుగు ముందుకు పడింది, వాడు కాగుతున్న మూకుడు రెండు చేతులా ఎత్తి పట్టుకుని రా, ఇంకొక్క అడుగు వెయ్యి, మొహం వేపుడు చేసి పార్శిలు కట్టిస్తా అన్నాడు, నూనె తొణికి పొయ్యిలో పడి మంట కప్పుదాకా లేచింది, అప్పుడు ఆమె కత్తి పక్కన పెట్టింది, చేతులు తుడుచుకుంది, తమ్ముడూ దింపు అంది, ఇటు తిరిగి, సరేనయ్యా, ఉప్పే అంటున్నావుగా, మానెయ్, వచ్చే శుక్రవారం పిల్లా నేనూ వస్తాం, ఒక్క పూట కలిసి భోంచేద్దాం, చూద్దాం, బట్టలు మాత్రం తేను, అంది, మేస్త్రికి అందులో వస్తాం అన్నది ఒక్కటే చెవికెక్కింది.

మానేశాడు, ఒట్టు, చిటికెడు కూడా ముట్టలేదు, ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉడకబెట్టిన కోడి, నోట్లో తడిగుడ్డ కుక్కుకున్నట్టు ఉంది, అయినా మింగాడు, ఎవరి మీదా చెయ్యి లేవలేదు, ఇంట్లో ఎవరున్నారని లేవడానికి, ఆ ప్రశ్న వచ్చిన దారినే పోయింది, ఇప్పుడు షెడ్డు నుంచి తిన్నగా సూపర్ మార్కెట్‌కి వచ్చి చల్లటి బీరువాల ముందు నిలబడ్డాడు, డబ్బాలు, వరసలు వరసలు, మూత మీద పొగలు కక్కే బొమ్మలు, వెనక చీమల్లాంటి అక్షరాలు, ఉప్పు రెండు గ్రాములు, ఉప్పు మూడు, ఇదుగో నేరస్థులు, బారులు తీరి నిలబడ్డారు, సుత్తి తెచ్చుకోవాల్సింది అనుకున్నాడు, ఒక్కొక్క అద్దమే పగలగొట్టి, డబ్బాలన్నీ కింద పోసి బూటు కాళ్ళతో తొక్కితే, తొక్కితే తెల్లటి రసం ఎర్రటి రసం కలిసి బిల్లు కట్టే చోటు దాకా పారితే, జనం అరుస్తూ పరిగెడితే, ఆ ఊహకే అరచేతులు వెచ్చబడ్డాయి, ఒళ్ళంతా తియ్యగా అయింది, ఉప్పు లేని ఒళ్ళు, తల విదిలించుకుని చిక్కుడుకాయలు, బంగాళాదుంపలు, చర్మం తీసిన కోడి కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు.

పళ్ళేలు రెండుసార్లు కడిగాడు, ఉప్పు డబ్బా చెత్తలో పారేశాడు, గోడ మీది పాత మరక గీకాడు, అది పోదు, పెళ్ళాం పిల్లతో వచ్చింది, తమ్ముడు కింద దింపి వెళ్ళాడట, గంటలో మళ్ళీ వస్తాడట, ఎందుకు మళ్ళీ రావడం, అడగలేదు, వడ్డించాడు, జీవితంలో మొదటిసారి తన చేత్తో పెళ్ళానికి వడ్డించాడు, ఆమె మెల్లగా తింటోంది, కుట్లు విప్పారు, కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని దారి పడింది, నాన్నా ఉప్పు వెయ్యలేదా అంది పిల్ల, అదేగా తల్లీ సంగతి అని మొదలుపెట్టాడు, చెబుతుంటే తనకే ఉత్సాహం వచ్చింది, పొట్లంలో ఎంత, డబ్బాలో ఎంత, నెత్తురు ఎట్లా పొంగుతుంది, నరాలు ఎట్లా బిగుస్తాయి, ఇప్పుడు చూడండి నా ఒంట్లో చిటికెడు లేదు, మంచినీళ్ళలాంటి నెత్తురు, అని చేతులూపుతూ చెబుతున్నాడు, పిల్ల వింటూనే తలూపుతూనే బల్ల అంచున ఉన్న గాజు జగ్గు తీసి కింద గోడవారకి పెట్టింది, తర్వాత కూరగాయలు కోసే కత్తి తీసి వెనక్కి చూడకుండానే సొరుగులో వేసింది, తర్వాత తల్లి ముందున్న పళ్ళెం ఇటు నుంచి అటు జరిపింది, అతని చెయ్యి అందనంత దూరం, రోజూ పళ్ళు తోముకున్నంత మామూలుగా, ఏం చేస్తున్నావే అన్నాడు, ఏం లేదు నాన్నా, మరి జగ్గు ఎందుకు తీశావ్, ఊరికే, ఊరికే ఎందుకు తీస్తావ్, దానికి అలవాటయ్యా, నువ్వు గొంతు పెంచితే తీసేస్తుంది, వదిలెయ్, తిను, అంది పెళ్ళాం, నేను గొంతు పెంచానా, మంచిమాట చెబుతుంటే గొంతు పెంచడమా, ఉప్పు లేదంటుంటే అర్థం కాదా మీకు, ఇంకా దేనికి భయం, అర్థమైందయ్యా, ఆమె చెంచా కింద పెట్టింది, బాగా అర్థమైంది, భోజనం అయింది, మేం బయల్దేరతాం, అంది.

ఎక్కడికి, బట్టలేవీ, తేనని చెప్పాగా, అంటే ముందే అనుకుని వచ్చారా, నాతో చప్పిడి మెతుకులు తినిపించి నవ్వుకుందామనా, లేదయ్యా, కుర్చీ వెనక్కి పడింది, ఎవరిదో, తనదే, ఆమె జుట్టు తన పిడికిట్లో ఉంది, ఫ్రిజ్ తలుపుకేసి తల కొట్టుకున్న చప్పుడు, బోలుగా, రేకు చప్పుడు, పైనున్న గిన్నెలు దడదడ రాలాయి, రెండో దెబ్బ మూతి మీద పడింది, పెదవి పళ్ళకీ తన పిడికిలికీ నడుమ నలిగి చిట్లింది, ఆమె గోళ్ళు అతని ముంజేతిలోకి దించింది, మోకాలెత్తి పొట్టలో పొడిచింది, ఊపిరాడలేదు, ఆ నొప్పికి ఒళ్ళంతా నిప్పంటుకుంది, గొంతు దొరికింది, ఎడమచేత్తో గొంతు అదిమి పట్టాడు, బల్ల కింద పిల్ల జగ్గుని గుండెకి హత్తుకుని కూర్చుంది, నాన్నా వద్దు నాన్నా అనడం లేదు, కళ్ళు గట్టిగా మూసుకుని పెదవులు కదుపుతోంది, అయిపోయేదాకా ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టుంది, కుడిచెయ్యి పైకి లేచింది, భుజం దాకా, చెవి దాకా, సుత్తి ఎత్తినంత ఎత్తు, ఇక దిగడమే తరువాయి, అప్పుడు తలుపు గంట మోగింది.

మళ్ళీ మోగింది, ఎవరండీ ఇంట్లో, పార్శిల్, అని ఆడగొంతు, మేస్త్రి వెళ్ళి తలుపు తీశాడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని నడివయసు మనిషి, చేతిలో వేడి పొట్లం, తెలిసిన వాసన, ఇది మాది కాదమ్మా, మేం చెప్పలేదు, పై అంతస్తు వాళ్ళది అయ్యుంటుంది, అన్నాడు, మెత్తటి గొంతుతో, నవ్వుతూ, మెట్లు అటు పక్కనున్నాయి, దీపం సరిగా వెలగదు, చూసుకుని ఎక్కండి, అని చెయ్యి చాచి దారి చూపించాడు, ఆమె మెట్ల వైపు చూడలేదు, అతని భుజం మీదుగా లోపలికి చూసింది, రాలిన గిన్నెలు, పెదవి మీద నుంచి మెడ దాకా నెత్తురు, బల్ల కింద పిల్ల, పొట్లం గోడవారకి పెట్టేసి గడప మీద కాలు పెట్టి నిలబడింది, అక్కా, రా, నా బండి కిందే ఉంది, పిల్లని పట్టుకో, అంది, అతని వంక చూడనైనా చూడలేదు, పెళ్ళాం పిల్లని లేవదీసింది, పిల్ల జగ్గు వదల్లేదు, అట్లాగే పట్టుకుని వచ్చింది, ఇద్దరూ అతని పక్కనుంచే, బట్టలు రాసుకునేంత దగ్గర్నుంచే దాటి వెళ్ళారు, అతను గోడకి ఒదిగి దారి ఇచ్చాడు, అదేమిటి భోంచేసి వెళ్ళొచ్చుగా అన్నాడు, పరాయి మనిషి వింటోంది కదా అని అన్నాడు, మెట్ల మీద ఆమె ఒక్కసారి ఆగి రక్తం ఉమ్మి దిగిపోయింది.

బండి చప్పుడు సందు చివర మలుపు తిరిగింది, మేస్త్రి ఇంకా గడపలోనే ఉన్నాడు, కుడిచెయ్యి ఇంకా మెట్ల వైపు దారి చూపిస్తూ చాపుకునే ఉంది, దాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు, వేళ్ళ కణుపుల మీద ఆమె నెత్తురు తడి ఆరలేదు, తన గుండె ఇంకా చెవుల్లో దబదబ కొట్టుకుంటోంది, డాక్టరమ్మ పట్టీ ఇప్పుడు కడితే ముల్లు గాజు పగలగొట్టుకుని బయటికొస్తుంది, నెత్తురు అదే, పొంగు అదే, అయినా గంట మోగిన మరుక్షణం ఇది దిగింది, ఎవరూ పట్టుకుని దించలేదు, మందు వెయ్యలేదు, పిడికిలి విప్పుకుంది, దారిలో చొక్కా సర్దింది, గడియ మెల్లగా తీసింది, వచ్చినామెకి జాగ్రత్తలు చెబుతూ ఎంత మర్యాదగా చాపుకుంది, అంత పొంగు మీద కూడా దిగమంటే దిగిందంటే, ఎత్తమంటేనే ఎత్తింది, ప్రతిసారీ, పళ్ళెం విసిరినప్పుడూ, మెట్ల మీంచి తోసినప్పుడూ, జ్వరంలోనూ, బయటివాళ్ళెవరూ చూడటం లేదని తను ముందు నిర్ధారణ చేసుకున్నాక, ఎవరి మీద ఎత్తొచ్చో తను ఏరుకున్నాక, ఈ చెయ్యి ఏనాడూ ఉప్పు మాట వినలేదు, పొట్లం మాటా వినలేదు, డబ్బా మాటా వినలేదు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇది ఒక్కరి మాటే వింది, ఒక్కసారి కూడా తన మాట జవదాటలేదు.